కొత్త నివాస లేఅవుట్‌లో నేలను, నీటిని, చెట్లను కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా ఇళ్ల లేఅవుట్ వేయబోతున్న భూయజమానులు, డెవలపర్లు, ప్లానర్లు, అటువంటి చోట ప్లాటు కొనదలచినవారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. అనుమతుల నిబంధనలు ఒక్కో దేశంలో ఒక్కో విధంగా ఉంటాయి కాబట్టి వాటి జోలికి ఎక్కువగా వెళ్లలేదు. వాన నీరు వాలు వెంట దిగడం, తొక్కిన మట్టి గట్టిపడడం, నరికిన వేరు చెట్టును ఎండగట్టడం ఎక్కడైనా ఒకే తీరుగా జరుగుతాయి కాబట్టి ఆ విషయాలకే పరిమితమయ్యాం.

లేఅవుట్ గీయడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్లాట్ల గీతలను అన్నిటికంటే చివరికి వాయిదా వేయడంతో మొదలుపెట్టాలి. వాడుకలో ఉన్న పద్ధతిలో ముందు ప్రధాన రోడ్డు గీస్తారు, దానికి అడ్డరోడ్లు కలుపుతారు, మధ్యలో ఏర్పడిన దీర్ఘచతురస్రాలను ప్లాట్లుగా కోస్తారు, ప్లాటుకు పనికిరాని మూలముక్క ఏదైనా మిగిలితే దాని మీద పార్కు అని రాస్తారు. వాగు పాయ, చెట్ల గుంపు, నీరు నిలిచే పల్లం ఈ గళ్ల కింద ఎక్కడో పడిపోతాయి. వాటిని పాడుచేయాలని ఎవరూ అనుకోకపోయినా, గీతలు పడ్డాక వాటికి చోటు మిగలదు.

అమెరికన్ ప్లానర్ రాండల్ ఆరెంట్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన నాలుగు అంచెల పద్ధతి ఈ వరుసను తలకిందులు చేస్తుంది. మొదట కాపాడవలసిన భూమిని గుర్తిస్తారు, ఆ తరువాత ఇళ్లు ఎక్కడ కూర్చుంటే బాగుంటుందో చూస్తారు, ఆపైన ఆ ఇళ్లను కలిపే రోడ్లను, కాలిబాటలను గీస్తారు, అన్నిటికీ చివర ప్లాట్ల సరిహద్దులు వేస్తారు. ఖరీదైన పరికరమేదీ అక్కరలేని ఈ మార్పు, తరువాత చేపట్టే సాంకేతిక ఏర్పాట్లన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇస్తుందని మా అభిప్రాయం. ఈ పేజీలో మిగిలిన సమాధానాలు చాలావరకు దీని కొనసాగింపే.

స్థలాన్ని ఎప్పుడు, ఎలా పరిశీలించాలి?

కనీసం రెండు కాలాల్లో చూడాలి. వాటిలో ఒకసారి వాన కురుస్తుండగానే గొడుగు వేసుకొని నడవాలి. ఎండాకాలంలో చదునుగా, నిరపాయంగా కనిపించిన మైదానంలో చీలమండ లోతు నీరు ఏ వైపునుంచి వచ్చి ఏ వైపుకు పోతుందో ఆ అరగంటలో తెలిసినంత స్పష్టంగా ఏ మ్యాపూ చెప్పదు. వాన ఆగాక మరునాడు కూడా వెళ్లి, ఇంకా తడి ఆరని చోట్లను, గడ్డి ఒకే వైపుకు ఒరిగి ఉన్న దారులను, కంచెకు చిక్కుకున్న చెత్త గీతను గుర్తుపెట్టుకోవాలి. ఆ చెత్త గీత నీరు ఎంత ఎత్తుకు వచ్చి వెనక్కి తగ్గిందో చూపే కొలబద్ద.

దీనికి తోడుగా, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలను అరమీటరు లేదా మీటరు తేడాతో గీసిన కాంటూరు మ్యాపు, నేల రకాల వివరాలు, పాత ఉపగ్రహ చిత్రాలు, పెద్ద చెట్ల సర్వే అవసరం. ఏటా కొద్ది వారాలు మాత్రమే నీరు ఉండే కుంటలను, వలస పక్షులను ఒక్కరోజు సర్వే పట్టుకోలేదు. అందుకే జీవజాలాన్ని తెలిసినవారు తగిన రుతువులో వచ్చి చూడాలి. పొరుగున ఏళ్ల తరబడి పశువులు మేపినవారినీ సాగు చేసినవారినీ అడిగి తెలుసుకున్న విషయాలను కూడా మ్యాపు మీదకు ఎక్కించండి. అవి నివేదికల్లో దొరకవు.

ఏ భాగాలను అసలు ముట్టుకోకూడదు?

వాగులు, వాటి ఒడ్లు, వరద వచ్చినప్పుడు మునిగే మైదానం, చిత్తడి నేలలు, ఊటలు, నిట్టనిలువు వాలులు మొదటి వరుసలోకి వస్తాయి. వీటి మీద కట్టడం ప్రకృతికే కాదు, అక్కడ ఉండబోయేవారికీ ప్రమాదం. నూటికి 25 మీటర్లు దిగే వాలును చదును చేయాలంటే కొండను కోయాలి, కోసిన గోడను నిలబెట్టాలి, వదులైన మట్టి జారకుండా ఏటా కాపలా కాయాలి. నూటికి 15 దాటిన చోట కూడా ఇల్లు కట్టేముందు రెండుసార్లు ఆలోచించాలి.

రెండవ వరుసలో చట్టం అడ్డుకోకపోయినా పోగొట్టుకుంటే తిరిగిరానివి ఉంటాయి: ముదురు చెట్ల తోపు, మేలైన సాగు నేల, జంతువులు నడిచే దారి, నీరు త్వరగా ఇంకి భూగర్భజలాన్ని నింపే ఇసుక నేల. ఈ ఇసుక నేల విషయంలో ఒక చిత్రమైన పొరపాటు తరచుగా జరుగుతుంది. తవ్వడం తేలిక, పునాది తొందరగా పడుతుంది అని సరిగ్గా ఆ ముక్క మీదే మొదట ఇళ్లు కడతారు. నీరు ఇంకని బంకమట్టి ముక్కను పార్కుకు వదిలి, అందులో ఇంకుడు గుంతలు తవ్వుతారు. ఇల్లు బంకమట్టి మీద కూడా నిలబడుతుంది, కాకపోతే పునాదికి కొంత ఎక్కువ ఖర్చవుతుంది. నీరు మాత్రం ఇంకే చోటనే ఇంకుతుంది.

ఇంత భూమి వదిలేస్తే ప్లాట్ల సంఖ్య తగ్గిపోదా?

తగ్గవలసిన అవసరం లేదు. 20 హెక్టార్ల స్థలాన్ని ఉదాహరణకు తీసుకుందాం. మామూలు పద్ధతిలో ఒక్కొక్కటి 1,500 చదరపు మీటర్ల చొప్పున 100 ప్లాట్లు వేస్తే 15 హెక్టార్లు ప్లాట్లకు పోతాయి, మిగిలిన 5 హెక్టార్లు రోడ్లకూ ఇతర అవసరాలకూ సరిపోతాయి. అవే 100 ఇళ్లను 750 చదరపు మీటర్ల ప్లాట్ల మీద దగ్గర దగ్గరగా గుంపులుగా కూర్చితే ప్లాట్లకు ఏడున్నర హెక్టార్లు చాలు. ఇళ్లు దగ్గరైనందువల్ల రోడ్ల పొడవు కూడా తగ్గి, వాటికి రెండున్నర హెక్టార్లు సరిపోయాయనుకుంటే, 10 హెక్టార్లు, అంటే సగం స్థలం, ఎవరి కంచెలోకీ పోకుండా మిగులుతుంది. రోడ్లు, పైపులు, కేబుళ్లు, వీధి దీపాలు అన్నీ పొడవును బట్టి ఖర్చయ్యేవే కాబట్టి డెవలపరుకు కూడా ఇది నష్టం కాదు.

ఇందులో ఇబ్బంది లేదని చెప్పడం మా ఉద్దేశం కాదు. కనీస ప్లాటు విస్తీర్ణాన్ని పెద్దదిగా నిర్ణయించిన చోట నిబంధనే అడ్డు తగులుతుంది. అప్పుడు ప్లాటు పరిమాణానికి బదులు మొత్తం స్థలంలో ఇళ్ల సంఖ్యకు హద్దు పెట్టాలని అధికారులను కోరవలసి వస్తుంది. పెద్ద ప్లాటే గౌరవమనుకొనే కొనుగోలుదారులు కొందరు వెనక్కి తగ్గుతారు. ఊరికి దూరంగా, చుట్టూ ఏ వసతీ లేని చోట ఎంత చక్కగా లేఅవుట్ వేసినా, రోజూ గంటల ప్రయాణం తప్పనప్పుడు ఆ పచ్చదనం పెట్రోలులో కరిగిపోతుంది. ఎక్కడ కట్టాలన్న ప్రశ్న ఎలా కట్టాలన్న ప్రశ్నకంటే ముందుదని మరచిపోకూడదు.

రోడ్ల విషయంలో ఏం చేయవచ్చు?

వీలైనంత తక్కువ పొడవు, అవసరమైనంత వెడల్పు, వాలును నిలువుగా కోయకుండా కాంటూరు గీతల వెంట సాగడం: ఈ మూడు చూసుకోవాలి. కిలోమీటరు పొడవున్న వీధిని 9 మీటర్లకు బదులు 6 మీటర్ల వెడల్పుతో తారు వేస్తే 3,000 చదరపు మీటర్ల నేల కప్పు పడకుండా మిగులుతుంది. రోడ్డు చివర బండ్లు తిరిగే వృత్తాన్ని మొత్తం తారుతో నింపకుండా మధ్యలో పల్లంగా ఒక పచ్చని దీవి వదిలితే, చుట్టుపక్కల నీరు అందులోకే చేరుతుంది. అయితే అగ్నిమాపక శకటం మలుపు తిరగడానికి ఎంత చోటు కావాలో ముందే ఆ శాఖను అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. సన్నని రోడ్లకు అభ్యంతరం వచ్చేది ఎక్కువగా అక్కడినుంచే, అదీ ఆఖరి నిమిషంలో.

వాననీటిని ఎలా సంభాళించాలి?

లేఅవుట్ తలరాతను నిర్ణయించేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకుందాం. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు చేరుతుంది. ఆ లెక్కన 200 చదరపు మీటర్ల ఇంటికప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 10,000 లీటర్లు, ఒక హెక్టారు నేల మీద పడితే 5 లక్షల లీటర్లు. గడ్డి, పొదలు, చెట్లు ఉన్న నేలలో అందులో ఎక్కువ భాగం ఆకుల మీదా మట్టిలోనూ ఆగిపోతుంది. పడిన వానలో ఎంత వంతు పారిపోతుందో అంచనా వేయడానికి ఇంజనీర్లు వాడే గుణకం పచ్చని నేలకు సాధారణంగా 0.1 నుంచి 0.3 దాకా ఉంటే, తారుకూ ఇంటికప్పుకూ 0.8 నుంచి 0.95 దాకా ఉంటుంది. అంటే అదే వాన, అదే చోట దాదాపు మూడింతలనుంచి తొమ్మిదింతల దాకా నీటిని, అదీ చాలా తక్కువ సమయంలో, కిందనున్న వాగులోకి తోస్తుంది.

దాని ఫలితం వాగు ఒడ్డున కనిపిస్తుంది. ఒడ్లు నిలువుగా కోసుకుపోతాయి, చెట్ల వేళ్లు గాలిలో వేలాడతాయి, అడుగునున్న గులకరాళ్ల సందుల్లో మెత్తటి పూడిక చేరి చేపలు గుడ్లు పెట్టే చోటు మూసుకుపోతుంది. వానలు లేని కాలంలో అదే వాగు ఎండిపోతుంది, ఎందుకంటే నేలలో ఇంకి నెమ్మదిగా ఊరవలసిన నీరు వాననాడే వెళ్లిపోయింది. పరీవాహక ప్రాంతంలో తారు, కాంక్రీటు, ఇళ్లతో కప్పు పడిన నేల 10 శాతానికి చేరేసరికి వాగుల్లో క్షీణత కనిపించడం మొదలవుతుందని, 25 శాతం దాటితే అది తీవ్రమవుతుందని అమెరికాలో జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి. ఈ అంకెలు గీత గీసినట్టు పనిచేయవు, నేలను బట్టి మారుతాయి. అయినా, నాలుగో వంతు కప్పు పడడమంటే మామూలు లేఅవుట్లకు ఎంత తేలికైన విషయమో తెలిసినవారికి ఇవి గుబులు పుట్టిస్తాయి.

అందువల్ల నీటిని పడిన చోటనే నిలిపి, నేలకు తాగించాలి. ఇంటికప్పు గొట్టాన్ని నేరుగా డ్రైనేజీకి కలపకుండా తోటలోని పల్లంలోకి వదలాలి. రోడ్డు అంచున కట్టే రాతిగట్టుకు మధ్య మధ్య ఖాళీలు ఉంచి, నీటిని పక్కనున్న గడ్డి కాలువలోకి పంపాలి. స్వేల్ అని ప్లానర్లు పిలిచే ఈ గడ్డి కాలువకు లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ, ఒడ్లు పడుకున్నట్టుగా ఉంటాయి. పిల్లవాడు పరుగెత్తుకుంటూ దాటిపోగలిగేంత. మధ్య మధ్య చిన్న రాతి అడ్డుకట్టలు వేస్తే నీరు కాసేపు ఆగి, మట్టిని వదిలి, ముందుకు సాగుతుంది. ఇంత చేసినా మిగిలే నీటికి కింది చివర ఒక నీటి కుంట ఉండాలి. దాని తూము ఎంత నీటిని వదలాలన్నది పాత పచ్చిక బయలు ఎంత వదిలేదన్న లెక్కతో నిర్ణయించాలి.

ఇదంతా కాగితం మీది మాట అనుకొనేవారికి కాలిఫోర్నియాలోని డేవిస్ పట్టణంలో 1975లో మొదలైన విలేజ్ హోమ్స్ మంచి ఉదాహరణ. మైకేల్, జూడీ కార్బెట్ దంపతులు సుమారు 24 హెక్టార్లలో 200 పైచిలుకు ఇళ్లతో వేసిన ఈ కాలనీలో భూగర్భ వరద పైపులకు బదులు పైనే పారే గడ్డి కాలువలు పెట్టారు. అధికారులు మొదట సందేహించారు. కాలువలు మాత్రం తమ పని తాము చేశాయి. హ్యూస్టన్ నగరానికి ఉత్తరాన 1974లో ప్రారంభమైన ది ఉడ్‌లాండ్స్‌లో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఇయాన్ మెక్‌హార్గ్ బృందం ఇదే సూత్రాన్ని ఇంకా పెద్ద ఎత్తున అమలుచేసి, ఏ నేల నీటిని పీలుస్తుందో చూసి ఇళ్లకు చోటు నిర్ణయించింది. అక్కడ తరువాత కట్టిన భాగాల్లో మామూలు డ్రైనేజీకే మళ్లారన్నది కూడా చెప్పుకోవాలి: గడ్డి పెరిగిన కాలువకంటే సిమెంటు అంచు శుభ్రంగా కనిపిస్తుందన్న అభిరుచి ఇంజనీరింగుకంటే బలమైనది.

మా నేల నీటిని పీలుస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

పారతో తేలుతుంది. 30 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు గొయ్యి తవ్వి, నిండా నీరు పోసి, పూర్తిగా ఇంకనివ్వండి. వెంటనే మళ్లీ నింపి, అడ్డంగా ఒక కర్ర పెట్టి, ఆ కర్రనుంచి నీటి మట్టం గంటకు ఎంత దిగుతోందో స్కేలుతో కొలవండి. మొదటిసారి పొడి మట్టి ఆత్రంగా తాగేస్తుంది కాబట్టి ఆ కొలత నమ్మదగినది కాదు, రెండవదే లెక్క. గంటకు 10 మిల్లీమీటర్లు దిగినా 30 సెంటీమీటర్ల లోతు నీరు 30 గంటల్లో ఖాళీ అవుతుంది, అది పనికివచ్చే నేలే. ఒకే స్థలంలో వంద అడుగుల దూరంలో ఫలితం మారిపోవచ్చు కాబట్టి చాలా చోట్ల తవ్వాలి. ఇది ప్రాథమిక అంచనా మాత్రమే. డిజైనుకు అవసరమైన పరీక్షను మట్టి నిపుణులతో చేయించాలి.

నీరు నిలిపితే దోమలు పెరగవా?

దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి సాధారణంగా వారం పడుతుంది. ఇంకుడు పల్లాలు, గడ్డి కాలువలు రెండు మూడు రోజుల్లో ఖాళీ అయ్యేలా ఉంటే వాటిలో దోమలు పెరగలేవు. ఎప్పుడూ నీరుండే కుంటలో చేపలు, తూనీగల పిల్లలు ఆ పని చూసుకుంటాయి. మూత సరిగా లేని ట్యాంకు, పూడికతో పూడిపోయిన పక్కా డ్రెయిను ఇంతకంటే ఎక్కువ దోమలను పెంచుతాయి.

వాగు పక్కన ఎంత దూరం వదలాలి?

ఒక్కో వైపు 30 మీటర్లు అన్నది చాలాచోట్ల వాడే మాట. ఒడ్డున చెట్ల నీడ నీటిని చల్లగా ఉంచడానికి, పొలాలనుంచి, తోటలనుంచి కొట్టుకొచ్చే మట్టినీ ఎరువునూ వడకట్టడానికి ఈ దూరం చాలావరకు సరిపోతుంది; జంతువులు దాగి నడవడానికి ఇంకా ఎక్కువ కావాలి. దూరంకంటే ముఖ్యమైన సంగతి అది ఎక్కడా తెగకుండా ఉండడం. వంద మీటర్ల పొడవునా పెంచిన చెట్ల పట్టీని ఒక్క పైపు చీల్చుకొని వెళ్లి మురికి నీటిని తిన్నగా వాగులో పోస్తే, ఆ పట్టీ వడకట్టేది ఏమీ ఉండదు. ఈ పట్టీని ప్లాట్ల వెనుక భాగంగా అమ్మకూడదు. ఎవరి పెరడులోకి వచ్చిన ఒడ్డును వారు చదును చేసుకొని, గడ్డి కోసుకొని, కుర్చీలు వేసుకుంటారు. అందులో వారిని తప్పుపట్టడానికి కూడా లేదు, డబ్బిచ్చి కొన్నది వారు.

పెద్ద చెట్లను ఉంచి పని చేయడం సాధ్యమేనా?

సాధ్యమే, చెట్టు అంటే కాండం, కొమ్మలు మాత్రమే అనుకోకపోతే. వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న అరమీటరు మట్టిలోనే, కొమ్మల చివరలను దాటి చాలా దూరం పరచుకొని ఉంటాయి. బ్రిటన్‌లో పాటించే ప్రమాణం ప్రకారం, నేలనుంచి మీటరున్నర ఎత్తున కాండం అడ్డుకొలతకు 12 రెట్లు వ్యాసార్ధంగా వృత్తం గీస్తే అది కాపాడవలసిన వేళ్ల మేర. ఆ ఎత్తున టేపు చుట్టి, చుట్టుకొలతను 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది. 60 సెంటీమీటర్ల కాండమున్న చెట్టుకు వ్యాసార్ధం 7.2 మీటర్లు, విస్తీర్ణం దాదాపు 163 చదరపు మీటర్లు. చిన్న ఇల్లంత చోటు ఒక్క చెట్టుకు కావాలని ప్లాను గీసేనాడే తెలిస్తే, ఏ చెట్లను ఉంచుకోగలమో, వేటిని ఉంచుకోలేమో నిజాయితీగా తేల్చుకోవచ్చు.

ఆ వృత్తం చుట్టూ యంత్రాలు రాకముందే గట్టి కంచె వేయాలి. కాండానికి ఎర్రరిబ్బను చుట్టడం కంచె కాదు. పని జరిగే చోట మధ్యాహ్నానికి ఏమవుతుందో ఒకసారి చూడండి: బయలంతా చదునైపోయాక నీడ మిగిలేది ఆ ఒక్క చెట్టు కిందే, కాబట్టి ఎక్స్‌కవేటరు అక్కడే ఆగుతుంది, సిమెంటు బస్తాలు అక్కడే దిగుతాయి, డ్రమ్ములు అక్కడే కడుగుతారు, అందరూ అక్కడే కూర్చొని అన్నం తింటారు. ఎవరూ చెట్టు మీద గొడ్డలి వేయలేదు. అయినా మట్టి రాయిలా గట్టిపడి, గాలీ నీరూ లోపలికి పోక, వేళ్లు ఊపిరాడక చచ్చిపోతాయి. చెట్టు మాత్రం ఆ ఏడాది పచ్చగానే ఉంటుంది. పైకొమ్మలు ఎండడం రెండు మూడేళ్లకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా మొదలవుతుంది. అప్పటికి కాంట్రాక్టరు బిల్లు తీసుకొని వెళ్లిపోయి ఉంటాడు, తెగులు పట్టిందని కొత్త యజమాని అనుకుంటాడు. కంచె వేయడంతోపాటు, పనివారికి వేరే చోట నీడకు ఒక షెడ్డు వేయించడం చెట్టును కాపాడే చవకైన ఉపాయం.

వేళ్ల మీద మట్టి పోసి ఎత్తు పెంచడం కూడా అంతే హాని చేస్తుంది. పైపులు తప్పనిసరిగా ఆ వృత్తం గుండా పోవలసివస్తే కాలువ తవ్వకుండా, వేళ్ల కిందుగా సొరంగంలా బోరు వేసి పంపించవచ్చు.

నరికినన్ని చెట్లకు రెండింతలు మొక్కలు నాటితే సరిపోదా?

సరిపోదు. ముదురు చెట్టు ఇచ్చే నీడనూ, దాని తొర్రల్లో ఉండే పక్షులకూ గబ్బిలాలకూ ఇచ్చే గూటినీ పది మొక్కలు కలిసినా కొన్ని దశాబ్దాల దాకా ఇవ్వలేవు. మొదట తప్పించడం, తప్పనిచోట తగ్గించడం, పాడైనదాన్ని బాగుచేయడం, అప్పటికీ మిగిలిన నష్టానికి వేరే చోట పరిహారం చెల్లించడం అన్న వరుసను ప్రపంచమంతటా పర్యావరణ నిపుణులు పాటిస్తారు. మొక్కలు నాటడం ఇందులో ఆఖరి మెట్టు. ఇంగ్లండ్‌లో 2024 ఫిబ్రవరి 12 నుంచి పెద్ద నిర్మాణాలకు తప్పనిసరి చేసిన నిబంధన ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, నిర్మాణం తరువాత జీవవైవిధ్యపు విలువ మునుపటికంటే కనీసం 10 శాతం పెరగాలి, ఆ ఆవాసాన్ని 30 ఏళ్లపాటు నిర్వహించాలి. ఆ 30 ఏళ్లన్న మాటలోనే కిటుకుంది. నాటిన రోజు ఫొటోకు విలువ లేదు. నాటేటప్పుడు స్థానిక జాతులను, పలు రకాలను, పలు వయసులవాటిని ఎంచుకోండి. ఒకే జాతి వరుసలు ఒకే తెగులుకు ఒకేసారి పోతాయి.

పైమట్టిని ఏం చేయాలి?

పైనున్న 15, 20 సెంటీమీటర్ల నల్లని పొర శతాబ్దాల తరబడి తయారైనది. చాలాచోట్ల దానిని మొదటి వారంలోనే గీకి, లోపలి మట్టితో కలిపేసి, లేదా లారీల్లో అమ్మేసి, చివరకు తోటలకోసం వేరే చోటినుంచి మట్టి కొనితెస్తారు. దానిని విడిగా గీకి, రెండు మీటర్ల ఎత్తు మించని కుప్పలుగా పోసి, కొట్టుకుపోకుండా గడ్డి విత్తనాలు చల్లి, పని కాగానే తిరిగి పరచాలి. కుప్ప మరీ ఎత్తైతే లోపల గాలి ఆడక మట్టిలోని జీవులు చచ్చిపోతాయి. తడిగా ఉన్నప్పుడు మట్టిని కదపకూడదు. గుప్పెడు మట్టి తీసి పిసికితే ముద్ద కట్టి వేలిముద్ర నిలిచిందంటే ఆ రోజు యంత్రాలను ఆపడమే మంచిది.

స్థలమంతా ఒకేసారి చదును చేయకపోవడం ఇంకా మంచి పని. ప్లాటులో ఇల్లు కూర్చునే మేర, రోడ్డు పోయే మేర మాత్రమే గీకి, మిగిలినదాన్ని ఉన్నట్టే వదిలితే, అమ్ముడుపోని ప్లాట్లు ఏళ్ల తరబడి దుమ్ము రేపుతూ, వానకు కోతకు గురవుతూ పడి ఉండవు.

నిర్మాణం జరుగుతున్నప్పుడు బురద కొట్టుకుపోకుండా ఏం చేయాలి?

పని చేసే భాగాన్ని చిన్నదిగా ఉంచడం మొదటి ఉపాయం. దశలవారీగా తెరిచి, ఒక భాగాన్ని గడ్డితోనో గడ్డిపరుపుతోనో కప్పాకే తరువాతిది తెరవాలి. పైనుంచి వచ్చే శుభ్రమైన నీటిని తవ్విన నేల మీదకు రానీయకుండా గట్టు వేసి పక్కకు మళ్లించాలి. కింది అంచున బురదను ఆపే బట్ట కంచె, అన్నిటికంటే దిగువన బురద నిలిచే గుంట, బండ్లు బయటికి వెళ్లే చోట టైర్ల మట్టి రాలిపోయేలా పెద్ద కంకర పరుపు ఉండాలి. బట్ట కంచె అడుగును మట్టిలో పాతకపోతే నీరు దాని కిందుగా పోతుంది; అలా గాలికి ఊగే కంచెలే ఎక్కువగా కనిపిస్తాయి. ప్రతి పెద్ద వాన తరువాత ఎవరో ఒకరు నడిచి చూసి, చేరిన పూడికను తీయించాలి. ఆ ఒకరెవరో పేరుతో సహా ఒప్పందంలో రాయాలి.

మురుగునీటి సంగతి?

ఊరి డ్రైనేజీకి కలపగలిగితే సాధారణంగా అదే మేలు. లేనప్పుడు, ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు పెట్టేముందు నేల ఎంత వేగంగా పీలుస్తుందో, భూగర్భజలం ఎంత లోతులో ఉందో, బావులు ఎంత దూరంలో ఉన్నాయో చూడాలి. ఇళ్లను దగ్గరగా కట్టినప్పుడు అందరికీ కలిపి ఒక శుద్ధి కేంద్రం పెట్టి, శుద్ధమైన నీటిని తోటలకు వాడడం మెరుగు, దానిని నడిపే మనిషికి జీతమిచ్చే ఏర్పాటు ఉన్నప్పుడు మాత్రమే. నడవని శుద్ధి కేంద్రం సెప్టిక్ ట్యాంకుకంటే ప్రమాదకరం.

వదిలిన పచ్చని స్థలం ఏ ఆకారంలో ఉండాలి?

ఒకే పెద్ద ముక్కగా, బయటి పచ్చని ప్రాంతాలతో కలిసి ఉండాలి. వంద మీటర్ల చతురస్రం, పది మీటర్ల వెడల్పుతో కిలోమీటరు పొడవున్న పట్టీ, రెండూ ఒక హెక్టారే. అయితే మొదటిదాని చుట్టుకొలత 400 మీటర్లు, రెండవదానిది 2,020 మీటర్లు. వెలుతురు, శబ్దం, గాలి, పెంపుడు పిల్లులు అంచునుంచి 20 మీటర్ల లోపలికి చొరబడతాయనుకుంటే చతురస్రం నడుమ 3,600 చదరపు మీటర్ల ప్రశాంతమైన చోటు మిగులుతుంది, పట్టీలో ఏమీ మిగలదు. లెక్కకు రెండూ సమానమే కాబట్టి నివేదికల్లో ఒకే శాతంగా కనిపిస్తాయి. అందుకే శాతం ఒక్కటే చూసి సంతోషపడవద్దు. పట్టీలు రెండు పెద్ద ముక్కలను కలిపే దారులుగా మాత్రం బాగా పనికివస్తాయి. అవి రోడ్డును దాటే చోట, నేల పొడిగా ఉండే అంచుతో వెడల్పైన కల్వర్టు కడితే చిన్న జంతువులు దాని కిందుగా వెళతాయి.

వీధి దీపాలు కిందికి మాత్రమే వెలుగునిచ్చేలా కప్పుతో, 3,000 కెల్విన్‌లకు (వెలుగు రంగును తెలిపే కొలత) మించని పసుపు ఛాయలో ఉండాలి. వాగు వెంట దీపాలు లేకపోవడమే మంచిది.

ఆ స్థలాన్ని తరువాత ఎవరు చూసుకుంటారు?

అమ్మకాలు ముగిశాక డెవలపరు వెళ్లిపోతాడు కాబట్టి ఈ ప్రశ్నకు మొదటి ప్లాటు అమ్మకముందే జవాబు ఉండాలి. నివాసుల సంఘం, స్థానిక సంస్థ, భూసంరక్షణ ట్రస్టు, ఈ మూడింటిలో ఎవరైనా చూసుకోవచ్చు. ఎవరి చేతిలో ఉన్నా, అక్కడ మళ్లీ ప్లాట్లు వేయడానికి వీల్లేదన్న షరతు భూమి దస్తావేజులోనే నమోదు కావాలి. బ్రోషరులో ముద్రించిన హామీకి న్యాయస్థానంలో నిలబడే బలం చాలా తక్కువ. నిర్వహణకు ఏటా ఎంత కావాలో లెక్కవేసి, దానికి చందా నిర్ణయించాలి. ఏ నెలలో గడ్డి కోయాలి, ఏ కాలువలో పూడిక తీయాలి, బయటినుంచి వచ్చి అల్లుకుపోయే ఏ కలుపు జాతులను పీకాలి అన్న వివరాలతో పది పేజీలు మించని నిర్వహణ పుస్తకం ఇస్తే, ఏటా మారిపోయే కార్యవర్గాలకు అదే ఆధారం. ఇళ్లవారికి గడ్డి కాలువ ఎందుకు ఉందో తెలియకపోతే, ఎవరో ఒకరు దానిని పూడ్చి కారు నిలుపుకుంటారు.

పర్యావరణ అనుమతి వచ్చింది. ఇంకా ఏమైనా చేయాలా?

అనుమతి కనీసపు హద్దును చెబుతుంది. అది ఒక్కో లేఅవుట్‌ను విడిగా చూస్తుంది, కాని వాగు తన పరీవాహక ప్రాంతంలోని లేఅవుట్లన్నిటి నీటినీ కలిపి మోస్తుంది. పక్క స్థలాల యజమానులతో మాట్లాడి, పచ్చని ముక్కలు సరిహద్దు దగ్గర ఒకదానితో ఒకటి కలిసేలా చూసుకోవడం ఏ ఫారమూ అడగని పని.

మా లేఅవుట్‌కు పాత పద్ధతిలోనే అనుమతి తీసుకొని పనులు మొదలుపెట్టేశాం. ఇప్పుడు ఏదైనా మార్చగలమా?

గీతలు మార్చడం కష్టం, చేతల్లో మార్చుకోవలసినవి చాలా ఉన్నాయి. ఇంకా తెరవని భాగాలను ఇళ్లు అమ్ముడయ్యేదాకా తెరవకుండా ఉంచవచ్చు. మిగిలిన పెద్ద చెట్ల చుట్టూ రేపే కంచె వేయవచ్చు, యంత్రాలు నిలిపే చోటును మార్చవచ్చు. పైమట్టిని లారీ ఎక్కించడం ఆపవచ్చు. ఇంటికప్పుల గొట్టాలను డ్రైనేజీకి కలపకుండా తోటలోకి మళ్లించడానికి చాలా సందర్భాల్లో కొత్త ప్లాను అక్కరలేదు. దీపాల ఆర్డరు ఇంకా వెళ్లకపోతే కప్పున్నవి తెప్పించవచ్చు. రోడ్డు అంచు గట్టుకు కాంక్రీటు ఇంకా పోయకపోతే, మీ ఇంజనీరుతో లెక్క సరిచూసుకొని, పల్లపు వైపున పది మీటర్లకు ఒకటి చొప్పున అరమీటరు ఖాళీలు వదలమని మేస్త్రీకి చెప్పండి. పలకలు బిగించేనాడు చెబితే అది గంట పని, కాంక్రీటు గట్టిపడ్డాక చెబితే రంపం తేవాలి.